అన్నాచెల్లెళ్లు కావచ్చనిపించే కాకటీల్ జత: గూటిపెట్టె పెట్టవచ్చా?

ప్రశ్న: రెక్కలసవ్వడి

నమస్కారమండీ. మా ఇంట్లో రెండు కాకటీల్స్ (నెత్తిన జుట్టుండే చిన్న చిలుకలు) ఉన్నాయి. మగది బూడిద రంగుది. ముఖం పసుపు, బుగ్గల మీద నారింజ చుక్కలు. పిల్లగా ఉన్నప్పుడే గూటిలోంచి తీసి చేత్తో మేపి పెంచిన పక్షి, అందుకే మనిషిని వదిలి ఉండదు. దానికి ఏడాదిన్నర దాటింది. పగలు ఇంట్లో ఎవరమూ ఉండం. ఒంటరిగా అరుస్తోందని తోడుగా ఈమధ్య ఒక లుటినో, అంటే లేత పసుపు తెలుపు రంగు, ఆడపక్షిని తెచ్చాము. పది నెలల వయసు ఉంటుందన్నారు. మగపక్షిని ఇచ్చినవారి దగ్గరే దీన్నీ తీసుకున్నాము. రెండూ ఒకే తల్లిదండ్రుల పిల్లలా అని అడిగితే "కావచ్చు, సరిగా గుర్తులేదు" అన్నారు. ఎవరి పిల్లలో గుర్తుపట్టడానికి కాళ్లకు రింగులు లేవు.

మొదట్లో ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. ఇప్పుడు మగది రెక్కలను భుజాల దగ్గర కాస్త ఎత్తి పట్టి, ముక్కుతో కొయ్యను టకటక కొడుతూ ఈలలు వేస్తోంది. ఆడది వంగి కూర్చుని సన్నగా అరుస్తోంది. పంజరం తలుపు తీస్తే చాలు, రెండూ పుస్తకాల అర వెనక చీకటి మూలలోకి దూరి కాగితాలు చింపుతున్నాయి. గూడు కోసం వెతుకుతున్నాయని నాకే అర్థమవుతోంది.

జతను తెచ్చి గూడు పెట్టకపోవడం అన్యాయమని ఇంట్లో అందరూ అంటున్నారు. పిల్లలు పుడితే చూడాలని నాకూ ఉంది. కానీ ఇవి నిజంగా తోబుట్టువులైతే? ఆడది మరీ చిన్నదేమో? దాని జుట్టు వెనకాల, నడినెత్తిన, కాస్త బోడిగా కూడా ఉంది. అది జబ్బా? రెండూ గింజలు తప్ప ఇంకేమీ ముట్టవు. అనుభవం ఉన్నవారు చెప్పండి, నేను ఏం చేయాలి?

జవాబు: పాతగూడు

రెక్కలసవ్వడి గారూ, గూటిపెట్టె పెట్టకండి. ఇప్పుడైతే అసలు వద్దు. తర్వాతి సంగతి ఆ రెండు పక్షులు ఎవరి పిల్లలో తేలాక చూద్దాం. నేను ఏళ్ల తరబడి కాకటీల్స్‌ను పెంచుతున్నాను, కొన్ని జతల చేత పిల్లలు తీయించాను. నా దగ్గర గూటిపెట్టె చూసిన జతలకంటే చూడని జతలే ఎక్కువ. చూడనివేవీ దిగులుతో చిక్కిపోలేదు. కలిసి తింటాయి, కలిసి స్నానం చేస్తాయి, ఒకదాని తల ఒకటి దువ్వుకుంటాయి.

మీరు రాసింది చదవగానే నా దృష్టి రంగుల మీద పడింది. లుటినో రంగు జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే ఆడపిల్లకు జెడ్ వచ్చేది తండ్రి నుంచే. కాబట్టి మీ ఆడపక్షి తండ్రి లుటినో అయినా అయి ఉండాలి, పైకి బూడిదగా కనిపిస్తూ లోపల ఆ జన్యువును మోసే 'స్ప్లిట్' అయినా అయి ఉండాలి. తండ్రి లుటినో, తల్లి మామూలు బూడిద అయితే వాటికి పుట్టే మగపిల్లలన్నీ బూడిదవి, ఆడపిల్లలన్నీ లుటినోలు. మీ ఇంట్లో ఉన్నది అచ్చం ఇదే వరస. ఇది రుజువు కాదు, అనుమానాన్ని పెంచే సంగతి మాత్రమే. ఇచ్చినవారికి ఫోను చేసి, "తండ్రి పక్షి ఏ రంగు, తల్లి ఏ రంగు?" అని అడగండి. ఏ పిల్ల ఏ విడతలో పుట్టిందో మరచిపోయినవారికి కూడా తమ పక్షుల రంగులు గుర్తుంటాయి. తండ్రి లుటినో, తల్లి బూడిద అని చెప్పి, తమ దగ్గర వేరే జత లేదని కూడా అంటే ఇక సందేహం అక్కర్లేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే బంధుత్వం బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. ఈకతోనో రక్తపు చుక్కతోనో మనం మామూలుగా చేయించేది ఆడా మగా తేల్చే పరీక్ష ఒక్కటే. అదీ మీకు పనికొస్తుంది. లుటినోల్లో తోక కింది చారలు చాలా లేత పసుపుగా ఉండి మంచి వెలుతురులో పట్టి చూస్తే తప్ప కనపడవు. వంగి కూర్చున్నంత మాత్రాన ఆడదని చెప్పలేం. రెండు ఆడపక్షులు కూడా జతలాగే మెలగుతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చివరికి రెండూ గుడ్లు పెట్టి గంపెడు ఖాళీ గుడ్ల మీద కూర్చుంటాయి. మీ బూడిద పక్షి మాత్రం మగదే అనిపిస్తోంది. మొదటిసారి ఈకలు మార్చుకున్న తర్వాత ముఖం నిండా పసుపు రావడం, తోక కింద చారలు పోవడం మగవాటి గుర్తు. పరీక్షకు ఈక పంపితే రాలిన ఈక పంపవద్దు. మొదలుతో సహా అప్పుడే తీసిన ఈక కావాలి. ఆ పని పక్షుల వైద్యుల చేత చేయించండి.

ఇక తోబుట్టువుల సంగతి. కాకటీల్స్‌కు అన్నాచెల్లెళ్లన్న పట్టింపు లేదు. పక్కన ఉన్నదాంతో జత కడతాయి, ప్రేమగానే ఉంటాయి. బంధుత్వం చూడాల్సిన బాధ్యత వాటిని తెచ్చి ఒకే పంజరంలో పెట్టిన మనది. అడవిలో అయితే పెద్ద గుంపులుంటాయి, నీళ్ల కోసం, గింజల కోసం ఎంతో దూరం తిరుగుతాయి, వెతుక్కోవడానికి వందల పక్షులుంటాయి. మన పంజరంలో ఉన్నది ఒకే ఒక్క ఎంపిక, దాన్నీ మనమే చేశాం.

వయసు గురించి మీ అనుమానం సరైనదే. కాకటీల్స్ ఏడాది నిండకముందే గుడ్లు పెట్టగలవు. పెట్టగలగడం వేరు, తట్టుకోగలగడం వేరు. ఆడపక్షికి కనీసం 18 నెలలు నిండాలి. దాని ఒంటి బరువు వంద గ్రాములకు అటూ ఇటూ, ఒక్కో గుడ్డు సుమారు అయిదు గ్రాములు. అలాంటివి రోజు విడిచి రోజు చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది. ఆ పెంకులకు కావలసిన కాల్షియం అంతా దాని రక్తంలోంచి, ఎముకల్లోంచి రావాలి. గింజలు మాత్రమే తినే పది నెలల పక్షి దగ్గర ఆ నిల్వ ఎక్కడిది? గింజల్లో కాల్షియం తక్కువ, విటమిన్-ఎ మరీ తక్కువ. పిల్లల మాట అటుంచి, ముందు వాటి తిండి మార్చాలి. పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన తిండి గుళికలు), ఆకుకూరలు, క్యారెట్, మొలకెత్తిన గింజలు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఒక్కసారిగా గింజలు తీసేస్తే కొన్ని పక్షులు కొత్తదాన్ని ముట్టక పస్తులుంటాయి, అది ప్రమాదం. వారానికి ఒకసారి చిన్న త్రాసు మీద తూచి రాసుకుంటూ నెమ్మదిగా మార్చండి. కాల్షియం కోసం కొరికే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి పెంకు) ముక్క ఒకటి పంజరంలో ఎప్పుడూ ఉండాలి.

నెత్తిమీది బోడితనం జబ్బు కాదు. లుటినోల్లో అది వంశపారంపర్యంగా వస్తుంది. ఈ రంగు మోజుతో తొలినాళ్లలో దగ్గరి బంధువులను జత చేస్తూ పోవడం వల్లే ఇంతగా పాతుకుపోయింది. అందుకే లుటినోకు లుటినోను జత చేయరు. నెత్తి నిండా ఒత్తుగా ఈకలున్న, బంధుత్వం లేని బూడిద వంశపు పక్షిని చూసి చేస్తారు. మీ రెండు పక్షులూ తోబుట్టువులైతే ఆ లోపం పిల్లల్లో తగ్గే మాట అటుంచి, ఇంకా పెరిగే వీలుంది.

ఇంకో మాట. మగపక్షిని చేత్తో మేపి పెంచారన్నారు. 1988లో కాకటీల్స్ మీద ఒక అధ్యయనం అచ్చయింది. చేత్తో పెంచినవాటిని, తల్లిదండ్రులే పెంచినవాటిని పక్కపక్కన పెట్టి చూశారు. చేత్తో పెంచిన మగవి గూటిపెట్టెలోకి తొంగిచూడటం తక్కువ, వాటి జతల గుడ్లలో పిల్ల పడటమూ తక్కువ. చేత్తో పెంచిన ఆడవి గుడ్లు ఎక్కువే పెట్టాయి, కానీ పెట్టెలో కాకుండా పంజరం నేల మీద. అంటే మనిషి చేతిలో పెరగడం పక్షిలో ఏదో మారుస్తోంది. ఈ తరాన్ని మనం ఎలా పెంచామన్నది వచ్చే తరం గూటి దాకా వెళుతుంది. అందుకే నేను పిల్లలను తల్లిదండ్రుల దగ్గరే ఉంచుతాను. రెండో వారం నుంచి రోజూ కాసేపు చేతిలోకి తీసుకుని మళ్లీ గూట్లో పెడతాను. మనిషికి అలవాటవుతాయి, పక్షిగానూ పెరుగుతాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది వాటి శరీరాలకు 'ఇది గుడ్లు పెట్టే కాలం కాదు' అని తెలియజేయడం. కాకటీల్ ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాల పక్షి. వాన పడి గడ్డి గింజ పట్టగానే, నీటి దగ్గరి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. పొడవైన పగలు, పుష్కలంగా మెత్తటి తిండి, చీకటి తొర్ర, ఈ మూడూ కలిస్తే దానికి వాన వచ్చినట్టే. మీ పుస్తకాల అర వెనక మూల వాటికి చెట్టుతొర్ర. ఆ దారి ఇవాళే మూసేయండి. చింపడానికి కాగితాలు అందనివ్వకండి. రోజూ రాత్రిపూట పన్నెండు పద్నాలుగు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం ఉండేలా చూడండి. లుటినోలు రాత్రిళ్లు ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకుంటుంటాయి, అలా జరిగితే చాలా సన్నని దీపం ఒకటి ఉంచండి. పంజరంలో కొయ్యల చోటు మార్చండి. నిమిరితే తల ఒక్కటే నిమరండి, వీపు మీద చేయి వేయవద్దు. మనం ముద్దుగా వీపు నిమిరితే ఆడపక్షి దాన్ని జత కట్టే పిలుపుగా తీసుకుంటుంది.

జవాబు: బంగారుపిట్ట

పాతగూడు గారు భయపెడుతున్నారేమో అనిపిస్తోంది. మా దగ్గర ఉన్నది అన్నాచెల్లెళ్ల జతే. తెలియక చేసింది కాదు, వేరేది దొరక్క చేశాం. రెండు విడతలుగా పిల్లలు తీశాయి. అన్నీ చక్కగా ఎగిరాయి, ఒక్కదానికీ వంకర కాలు లేదు, గుడ్డితనం లేదు. జత కట్టడం వాటి సహజ గుణం. ఒక్కసారి పిల్లలను పెంచుకోనిస్తే తప్పేముంది? రెక్కలసవ్వడి గారు అంత ఆశగా అడుగుతున్నారు.

జవాబు: పాతగూడు

బంగారుపిట్ట గారూ, మీ పిల్లలు బాగున్నందుకు సంతోషం. కానీ పైకి బాగుండటం దగ్గరే లెక్క ముగిసిపోదు. మీరు చెప్పింది ఎగిరిన పిల్లల గురించి. పెట్టిన గుడ్లెన్ని, పొదిగినవెన్ని, పెంకులోనే ఆగిపోయినవెన్ని? రక్తసంబంధం దగ్గరైతే దెబ్బ మొదట తగిలేది అక్కడే. ఆ గుడ్లను ఖాళీ గుడ్లనుకుని పారేస్తాం. పారేసే ముందు పగలగొట్టి చూస్తే పెరుగుతూ ఆగిపోయిన పిల్ల కనిపిస్తుంది. మిగిలినవాటిలో లోపపు జన్యువులు ఒక ప్రతి చొప్పున మౌనంగా ఉండవచ్చు. వాటిని మీరు నలుగురికి ఇస్తారు. ఆ నలుగురిలో ఇద్దరు ఒకరికొకరు తెలిసినవారై పిల్లలను జత చేస్తారు. రింగులు ఉండవు, కాగితం ఉండదు. ఇప్పుడు రెక్కలసవ్వడి గారు పడుతున్న సందేహమంతా ఎవరో ఒకరు ఇలాగే "ఒక్కసారికి ఏముంది" అనుకోవడం వల్ల పుట్టిందే కదా.

పెద్ద ఎత్తున ఇది ఎంత దూరం వెళుతుందో స్పిక్స్ మకావ్‌ను చూస్తే తెలుస్తుంది. బ్రెజిల్‌లోని ఆ నీలి చిలుకల్లో అడవిలో మిగిలిన చివరి మగపక్షి 2000లో కనిపించకుండా పోయింది. అంతకు ముందు కొన్నేళ్లపాటు అది తన జాతి ఆడపక్షి దొరక్క వేరే జాతి మకావ్‌తో జత కట్టి తిరిగింది. ఆ జత గుడ్లు పిల్లలు కాలేదు. మనుషుల దగ్గర మిగిలిన కొద్ది పక్షులూ ఒకదానికొకటి దగ్గరి బంధువులు. గుడ్లలో పిల్ల పడటమే కష్టమైంది. ఏ పక్షిని ఏ పక్షితో కలపాలో వంశావళి పుస్తకం పెట్టుకుని, ఒక్కో జతనూ ఎంచి, ఎన్నో ఏళ్లు శ్రమించాక 2022లో కొన్నింటిని తిరిగి అడవిలో వదలగలిగారు. వారికి వేరే పక్షులు లేవు, గత్యంతరం లేక అలా చేశారు. కాకటీల్స్ ప్రపంచమంతా ఉన్నాయి. బంధుత్వం లేని పక్షి దొరకలేదంటే మనం ఇంకా వెతకలేదనే అర్థం.

సహజ గుణమన్నారు. నిజమే. కానీ సహజంగా జరిగేదాంట్లో ఆ పక్షే తన తోడును ఎంచుకుంటుంది. 2006లో కాకటీల్ జతల మీద మరో పరిశోధన వచ్చింది. ఒకదానితో ఒకటి కుదిరిన జతలు, అంటే తగవులు తక్కువగా, దగ్గరగా, ఒకే సమయంలో ఒకే పని చేసుకుంటూ ఉండేవి, పొదగడంలో బాగా సర్దుకున్నాయి, పిల్లలనూ ఎక్కువగా బతికించుకున్నాయి. కాకటీల్స్‌లో పగలు ఎక్కువగా మగది, రాత్రి ఆడది పొదుగుతుంది కాబట్టి వంతు మారడంలో తేడా వస్తే గుడ్డు చల్లబడుతుంది. నేను జత చేయాలనుకుంటే బంధుత్వం లేని, పరీక్షలు అయిన పక్షులను నాలుగైదింటిని పెద్ద పంజరంలో వదిలి, ఏది ఏదాని పక్కన నిద్రపోతుందో చూస్తాను. రంగు చూసి నేను కుదిర్చిన జతలకంటే అవి కుదుర్చుకున్న జతలే పిల్లలను చక్కగా పెంచాయి.

ఇంతకీ పిల్లలు పుట్టాక? 18 నుంచి 21 రోజుల్లో గుడ్లు పగులుతాయి, అన్నీ ఒకే రోజు కాదు. మొదటి పిల్లకు కళ్లు తెరుచుకునే వేళకు చివరిది పసుపు నూగుతో అప్పుడే బయటికి వస్తుంది. దాని నోటికి తిండి అందుతోందా, దాని పంటసంచి (గొంతు కింద తిండి నిలిచే సంచి) నిండిందా అని రోజూ చూడాలి. నాలుగైదు వారాలకు ఎగురుతాయి, సొంతంగా తినడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఈలోపే తల్లిదండ్రులకు మళ్లీ గుడ్ల మీద ధ్యాస మళ్లితే పిల్లల ఈకలు పీకేస్తాయి. తల్లిదండ్రులు మేపడం మానేస్తే సిరంజితో మనమే మేపాలి. ఆ తిండి 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. వేడెక్కితే పంటసంచి కాలుతుంది, చల్లారితే తిండి అందులోనే నిలిచి పులుస్తుంది. ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో రెండు మూడు గంటలకొకసారి ఈ పని ఎవరు చేస్తారు? ఆ పైన ఒక్కో పిల్ల 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. తీసుకున్నవారు మధ్యలో వద్దనుకుంటే నేను వెనక్కి తీసుకోగలనా అని నన్ను నేను అడుగుతాను. తీసుకోలేననిపించిన ఏడాది ఏ జతకూ పెట్టె పెట్టను.

జవాబు: ఆకుపచ్చకొమ్మ

నేను పక్షుల వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తాను. పాతగూడు గారు చెప్పినవాటికి రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది, కొత్త పక్షిని నేరుగా పాతదాని పంజరంలో పెట్టినట్టున్నారు. కొత్తదాన్ని కనీసం 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచాలి, నీళ్ల గిన్నెలూ వేరుగా ఉండాలి. ఇప్పుడు అది దాటిపోయింది కాబట్టి రెండింటినీ కలిపే పరీక్షకు తీసుకువెళ్లండి. ఈకలను, ముక్కును పాడుచేసే పీబీఎఫ్‌డీ అనే జబ్బు తెచ్చే సర్కోవైరస్, గూటిలోని పిల్లలను చంపే పాలియోమా వైరస్, క్లమిడియా సిట్టాసి అనే బ్యాక్టీరియా, ఈ మూడింటికీ పరీక్ష చేయమని అడగండి. మూడోది మనుషులకూ సోకుతుంది, జ్వరం, దగ్గు, న్యుమోనియా వస్తాయి. ఇంట్లో ఎవరికైనా అలాంటి జ్వరం వస్తే పక్షులున్నాయని వైద్యులకు తప్పక చెప్పండి. పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షి కూడా వీటిని మోస్తుంది. పిల్లలు తీయించాలనుకునేవారు ఈ పరీక్షలు లేకుండా జత చేయడం నాకు మింగుడుపడని విషయం. పాలియోమాతో గూడు గూడంతా ఖాళీ అవడం ఒకసారి చూస్తే ఎవరూ అలా చేయరు.

రెండోది, గుడ్డు అడ్డుపడటం. పెట్టె లేకపోయినా మీ ఆడపక్షి గుడ్డు పెట్టవచ్చు, కాబట్టి గుర్తులు తెలిసి ఉండాలి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, ముక్కుతూ తోక పైకీ కిందికీ ఊపడం, కాళ్లు చచ్చుబడినట్టు నిలబడలేకపోవడం. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు, గంటల్లో ప్రాణం పోవచ్చు. వెచ్చగా ఉంచి వెంటనే తీసుకువెళ్లండి. పొట్ట నొక్కి గుడ్డు బయటికి తేవాలని ఎవరు చెప్పినా చేయవద్దు. లోపల పగిలితే పక్షి దక్కదు. కాల్షియం ఒంటబట్టాలంటే డీ3 విటమిన్ కావాలి, అది తయారవడానికి అతినీలలోహిత కాంతి కావాలి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండలో ఆ భాగం ఉండదు, అద్దం అడ్డుకుంటుంది. పంజరాన్ని నేరుగా ఎండ, నీడ రెండూ ఉండే చోట కాసేపు ఉంచండి, పక్కనే మీరూ ఉండండి. డీ3 చుక్కలు మాత్రం సొంతంగా వేయకండి. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

జవాబు: నీలిగొంతు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. నా దగ్గర పదేళ్ల ఆఫ్రికన్ గ్రే (బూడిద రంగు పెద్ద చిలుక) ఒకటి ఉంది, ఒంటరిది. ఇదంతా చదువుతుంటే దానికీ జత తేవాలా అనిపిస్తోంది. దాని కోసం కాకపోయినా పిల్లల కోసం.

జవాబు: పాతగూడు

నీలిగొంతు గారూ, మీ పక్షి తనకు మీరే జత అనుకుంటూ ఉండవచ్చు. పదేళ్లు మనిషి దగ్గరే ఉన్న గ్రేకు కొత్త పక్షిని చూపిస్తే తోడుగా కాక, మీ మధ్యకు వచ్చిన శత్రువుగా చూసి వేళ్లు, కళ్లు పొడిచిన సందర్భాలున్నాయి. గ్రేల్లో ఆడా మగా చూపుకు తెలియవు, మీది ఏదో ముందు పరీక్ష చేయించండి. అంతకన్నా ముఖ్యం కొత్త పక్షి ఎక్కడి నుంచి వచ్చిందన్నది. అడవిలో పట్టి అమ్మడం వల్ల ఈ జాతి ఎంతగా తగ్గిపోయిందంటే, 2016లో అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలోకి, అంటే అత్యంత కట్టుదిట్టమైన రక్షణలోకి మార్చింది. పంజరంలో పుట్టిందనడానికి కాగితాలు, పిల్లగా ఉన్నప్పుడే వేసిన అతుకులేని మూసిన రింగు లేని గ్రేను ఎవరు ఇచ్చినా తీసుకోకండి. తోడు కోసమైతే రోజూ మీరిచ్చే సమయం పెంచండి, నమిలి చీల్చడానికి చెక్క ముక్కలు ఇవ్వండి. పిల్లల కోసమైతే వద్దు.

జవాబు: రెక్కలసవ్వడి

అందరికీ కృతజ్ఞతలు. ఫోను చేసి అడిగాను. తండ్రి లుటినో, తల్లి బూడిద అన్నారు, వారి దగ్గర ఉన్నది ఆ ఒక్క జతేనట. పాతగూడు గారు చెప్పినట్టే అయింది. చదివి చాలాసేపు బాధపడ్డాను, కానీ ఇప్పుడు మనసులో సందేహం లేదు.

పుస్తకాల అర మూసేశాను, రాత్రి త్వరగా చీకటి చేస్తున్నాను. అయినా నిన్న పొద్దున పంజరం నేల మీద ఒక గుడ్డు కనిపించింది. ఆడపక్షి హుషారుగానే ఉంది, తింటోంది. గుడ్డు పక్కనే కూర్చుంటోంది, మగది కూడా కాపలా కాస్తోంది. తీసి పారేయాలా? రెండింటినీ వేరు పంజరాల్లో పెట్టాలా? విడదీస్తే బెంగపెట్టుకుంటాయేమోనని భయంగా ఉంది.

జవాబు: పాతగూడు

పారేయకండి. గుడ్డు మాయమైతే ఆడపక్షి దాని బదులు ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి పెడుతూ పోతుంది, ఉన్న కాల్షియం కాస్తా కరిగిపోతుంది. ఆ పరిమాణంలో ప్లాస్టిక్ లేదా చెక్క గుడ్లు దొరికితే ఒక్కో నిజమైన గుడ్డు తీసి ఒక్కో దొంగ గుడ్డు పెట్టండి. దొరకకపోతే పెట్టిన రోజే గుడ్డును తీసి, నీళ్లలో బాగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, తిరిగి అదే చోట పెట్టండి. మొదటి రోజు గుడ్డులో ఇంకా పిల్ల ఎదగడం మొదలుకాదు, పొదగడం గట్టిగా మొదలైతేనే ఎదుగుతుంది. అందుకే ఆలస్యం చేయకూడదు. నిన్నటి గుడ్డును ఈ రోజే ఉడికించండి. రోజు విడిచి రోజు చూస్తూ ఉండండి, ఇంకో మూడు నాలుగు రావచ్చు. వచ్చినవాటికి పెన్సిలుతో సంఖ్య వేస్తే ఏది కొత్తదో తెలుస్తుంది.

మూడు వారాల పాటు వాటిని వాటి మానాన కూర్చోనివ్వండి. ఏమీ పగలకపోతే అవే విసిగి లేచిపోతాయి. అప్పుడు గుడ్లన్నీ ఒకేసారి తీసేసి, పంజరం శుభ్రం చేసి, దాని చోటు మార్చండి. ఈలోపు గుడ్ల కోసం పెట్టె గానీ, గుడ్డ గానీ, మెత్తటి పరుపు గానీ అమర్చవద్దు. నేల మీద ఉత్త కాగితం చాలు. వాటిని చూసి జాలిపడి చిన్న గిన్నె పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

విడదీయనక్కర్లేదు. పగలు ఇంట్లో ఎవరూ లేని మీ పరిస్థితిలో వాటికి ఒకటికి ఇంకొకటే ఆధారం. తోబుట్టువులు తోడుగా బతకడంలో ఏ తప్పూ లేదు. పుట్టనివ్వకూడనిది పిల్లలను. దొంగ గుడ్ల సంగతి శ్రద్ధగా చూసుకుంటే జీవితాంతం కలిసే ఉండవచ్చు. అయితే ఈ విడత అయ్యాక రెండు మూడు నెలల్లోనే మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంటే మాత్రం ఆగవద్దు. వైద్యులు డెస్లోరెలిన్ అనే హార్మోను ఇంప్లాంటును చర్మం కింద పెడతారు, కాకటీల్స్‌లో అది గుడ్లను కొన్ని నెలలు ఆపుతుంది. ఆకుపచ్చకొమ్మ గారు చెప్పిన మూడు పరీక్షలకు వెళ్లినప్పుడే దాని గురించి అడగండి, రక్తంలో కాల్షియం కూడా చూడమనండి. వెళ్లేటప్పుడు పక్షి బరువు రాసుకున్న కాగితం, గుడ్లు పెట్టిన తేదీలు వెంట తీసుకువెళ్లండి.

పిల్లలను పెంచాలన్న మీ కోరిక గురించి కూడా చెప్పాలి. దిక్కులేని కాకటీల్స్‌ను చేరదీసే సంస్థల దగ్గర, ఇక పెంచలేమనే ఇళ్లలో, గొంతు విప్పడం కూడా మానేసిన పక్షులుంటాయి. ఈ రెండూ కుదుటపడ్డాక అలాంటి ఒక మగపక్షిని తేవాలనుకుంటే, ముందు 45 రోజులు వేరే గదిలో ఎక్కడ ఉంచుతారో చూసుకుని నాకు రాయండి. పరిచయం ఎలా చేయాలో అప్పుడు చెబుతాను. ముందు ఆ గుడ్డు సంగతి చూడండి.